ఆడపిల్లకు పాతబడని పేరు: ఎలా ఎంచుకోవాలి

ముప్పై రెండేళ్లు పొద్దున్నే హాజరు పట్టీ తెరిచి పేర్లు పిలిచిన బడిపంతులిని నేను. చేరిన కొత్తలో తరగతికి ముగ్గురు లక్ష్మిలు, ఇద్దరు సత్యవతిలు, వెనక వరసలో ఒక నాగమణి ఉండేవారు. కొన్నేళ్లకు స్వాతి, మాధవి, లావణ్యల కాలం వచ్చింది. ఒక ఏడైతే ఎనిమిదో తరగతిలో నలుగురు లావణ్యలు. పొడుగు లావణ్య, కళ్లజోడు లావణ్య అని గుర్తులు పెట్టుకుని పిలిచేవాణ్ని. రిటైరయ్యే నాటికి పట్టీ నిండా ‘న్వి’తోనో ‘షిక’తోనో ముగిసే పేర్లే. ఎవరెవరో తేల్చుకునేసరికి నాకు దసరా సెలవులు దాటేవి. ఇన్ని మార్పుల మధ్య నాలుగైదేళ్లకొకసారి ఒక శారద వచ్చేది. ఒక్కతే. ఆ పేరు విని పాతకాలం పేరని తోటిపిల్లలు నవ్వలేదు. ఇదేం పేరు, అర్థమేమిటి అని ఎవరూ అడగలేదు.

నా లెక్కలో క్లాసిక్ పేరంటే అదీ. పాత పేరు కానక్కర్లేదు, అరుదైన పేరు అసలే కానక్కర్లేదు. ఊయలలోనూ, పదో తరగతి మెమో మీదా, ఆఫీసు గది తలుపు మీదా, రేపు మనవలు ‘మా అమ్మమ్మ పేరు’ అని చెప్పుకునేటప్పుడూ ఒకేలా అతకాలి. 1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయికి ఆ పేరు లంగావోణీ వయసులోనూ సరిపోయింది, రాజ్యాంగ సభలో సభ్యురాలిగా లేచి మాట్లాడిన రోజునా సరిపోయింది.

అలాంటి పేరు కావాలంటే నెలలు నిండకముందే మొదలుపెట్టండి. పుట్టబోయేది ఎవరో ముందే చెప్పించుకోవడం మన దేశంలో నేరం కాబట్టి ఎలాగూ రెండు జాబితాలు రాసుకోవాలి. ఇక్కడ ఆడపిల్ల జాబితా సంగతి చూద్దాం. పురుడొచ్చాక చూసుకుందాంలే అనుకుంటే బారసాలకు మిగిలేది పది రోజులు. తల్లికి నిద్ర ఉండదు, తండ్రికి తీరిక ఉండదు. చివరికి ఫోన్లో కనపడ్డ మొదటి జాబితాలోంచి ఏదో ఒకటి ఏరేస్తారు.

1. ముందు మీ ఇంటి పేర్లు రాయండి

ఒక నోటుపుస్తకంలో ఎడమ పేజీ మీద తండ్రి వైపు ఆడవాళ్ల పేర్లు, కుడి పేజీ మీద తల్లి వైపు ఆడవాళ్ల పేర్లు రాయండి. ముత్తాతల భార్యల దాకా వెళ్లండి. ఈ పని పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చేయాలి. ‘మా మేనత్త పేరు అసలు అలివేలు మంగతాయారు, అందరూ తాయారనేవాళ్లం’ లాంటి మాటలు అప్పుడే బయటికొస్తాయి.

ఇక్కడే మొదటి చిక్కు. నాయనమ్మ పేరు పెట్టాలని ఒక పక్క, అది మరీ పాతకాలంగా ఉందని ఇంకో పక్క. దానికి తోడు, అత్తగారి పేరు కోడలు నోటితో పలకకూడదనే పద్ధతి కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. మా అక్కకు నాయనమ్మ పేరే పెట్టారు. మా అమ్మ ఆ పేరుతో ఆమెను ఒక్కసారైనా పిలవగా నేను వినలేదు. ‘అమ్మాయీ’ అనేది, కోపమొస్తే ‘ఏమే పెద్దదానా’ అనేది. బడిలో వేసేటప్పుడు పంతులుగారు పేరడిగితే మా అమ్మ నా వంక చూసింది, నువ్వు చెప్పరా అన్నట్టు.

అలాంటి ఇళ్లకు నేను చెప్పే ఉపాయం ఒకటే. పేరు అలాగే దించకండి, ఆ పేరులో ఉన్న దేవతనో వస్తువునో పట్టుకుని దానికున్న మరో పేరు తీసుకోండి. నాయనమ్మ పార్వతమ్మ అయితే మనవరాలు ఉమ, గౌరి, అపర్ణ, భవాని, శర్వాణి, హైమవతి ఏదైనా కావచ్చు. మహాలక్ష్మమ్మ అయితే రమ, ఇందిర, కమల, పద్మ, హరిప్రియ. సరస్వతమ్మ అయితే వాణి, భారతి, శారద. సుబ్బమ్మ అన్నది సుబ్రహ్మణ్యుడి పేరు కాబట్టి ఆయన భార్యలు వల్లి, దేవసేన ఉన్నారు. మంగమ్మకు పద్మావతి, కనకమ్మకు హేమ, కాంచన, తులసమ్మకు బృంద, ముత్యాలమ్మకు ముక్త. ఇలా పెడితే పెద్దావిడ పేరు నిలిచినట్టే, కోడలు నోరారా పిలుచుకోవచ్చు. ‘నా పేరే పెట్టారు తెలుసా వదినగారూ’ అని ఆవిడ వియ్యపురాలికి చెప్పుకోవడానికీ అడ్డుండదు.

కొన్ని పేర్లకు మాత్రం ఏ ఉపాయమూ పనిచేయదు. సూర్యకాంతం ఎంత మంచి పేరు! ఎండ తగిలితే నిప్పు పుట్టించే మణి అది. కానీ తెరమీద సూర్యకాంతం గారు గయ్యాళి అత్తగా ఎంత జీవించారంటే, ఆ తర్వాత కూతురికి ఆ పేరు పెట్టే ధైర్యం తెలుగువాళ్లకు లేకపోయింది.

2. అక్షరం పట్టింపు ఉంటే

నక్షత్రం చూసి పెట్టే ఇళ్లలో పుట్టిన గంట తెలిశాకే అక్షరం తేలుతుంది. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి 4 పాదాలు, మొత్తం 108 అక్షరాలు. అశ్వినికి చూ, చే, చో, లా. రోహిణికి ఓ, వా, వీ, వూ. మఖకు మా, మీ, మూ, మే. అనూరాధకు నా, నీ, నూ, నే. ఇవన్నీ సుఖమైనవే. వాణి, వీణ, మాలతి, మీనాక్షి, నాగలక్ష్మి, నీరజ అంటూ వాటంతట అవే వస్తాయి.

అసలు కష్టం ఆర్ద్ర, హస్త, ఉత్తరాభాద్ర నక్షత్రాల్లో పుట్టిన పిల్లలది. ఆర్ద్రకు కూ, ఖం, ఙ, ఛ. హస్తకు పూ, షం, ణ, ఠ. ‘ఙ’తో మొదలయ్యే పేరు మీకు తెలిస్తే నాకూ చెప్పండి. ఇలాంటప్పుడు అదే నక్షత్రంలో పలకగలిగే పాదం తీసుకోవడం వాడుకలో ఉన్నదే. ఆర్ద్రకు కుసుమ, కుముద. హస్తకు పూర్ణ, పూర్ణిమ. ఉత్తరాభాద్రకు శ ఉంది కాబట్టి శకుంతల, శశిరేఖ, శర్వాణి. దీర్ఘానికి హ్రస్వం సరిపోతుందా లేదా అన్నది మీ పురోహితుడితో తేల్చుకోండి. మా పురోహితుడైతే సరిపోతుందనే అంటాడు.

అంతకన్నా తేలికైన దారి ఇంకోటుంది. బారసాలలో జన్మనామం వేరు, వ్యవహారనామం వేరు. నక్షత్రాక్షరంతో వచ్చే పేరు పళ్లెంలో రాసి, చెవిలో చెప్పి ఊరుకోవచ్చు. బడికీ బజారుకూ వాడే పేరు మీకు నచ్చింది పెట్టుకోవచ్చు. శాస్త్రం ఒప్పుకున్న ఈ వెసులుబాటు వదిలేసి, అక్షరం కోసం అర్థంలేని పేరు తయారుచేయడం నాకు ఎప్పుడూ అర్థం కాదు.

పాత నియమాల్లో ఒకటి మాత్రం చెప్పుకోవాలి. గృహ్యసూత్రాల్లో, అంటే ఇంట్లో చేసే సంస్కారాల పద్ధతి చెప్పే పాత గ్రంథాల్లో, ఆడపిల్ల పేరుకు బేసి సంఖ్యలో అక్షరాలుండాలన్నారు. కమల, శారద, సుజాత, సరస్వతి అని వేళ్ల మీద లెక్కపెట్టండి. మొదటి మూడూ మూడక్షరాల పేర్లు, సరిపోయాయి. సరస్వతి నాలుగక్షరాలైంది. అక్షరాల లెక్కకు సరస్వతీదేవే తప్పిందంటే మనం మరీ పట్టుకు కూర్చోనక్కర్లేదు. మనుస్మృతి రెండో అధ్యాయం ఆడపిల్ల పేరు సుఖంగా పలికేలా, కఠినంగా లేకుండా, అర్థం స్పష్టంగా, మనసుకు నచ్చేలా ఉండాలంటుంది. ఇందులో కాదనేదేమీ లేదు. అదే పుస్తకం మూడో అధ్యాయంలో నక్షత్రం, చెట్టు, నది పేర్లున్న పిల్లను పెళ్లాడవద్దని ఉంది. మనవాళ్లు దాన్ని ఎంత లక్ష్యపెట్టారో చూడండి: రోహిణి, రేవతి, స్వాతి, అనూరాధ, తులసి, మాలతి, గంగ, గోదావరి, కృష్ణవేణి. వీళ్లందరికీ పెళ్లిళ్లయ్యాయి.

మీ ఇంట్లో పద్ధతి వేరైతే ఈ మెట్టు దాటేయండి. క్రైస్తవ ఇళ్లలో రూతు, ఎస్తేరు, మరియ, కరుణ, ముస్లిం ఇళ్లలో ఫాతిమా, ఆయేషా, ఖదీజా ఇప్పటికే కాలపరీక్షలన్నీ నెగ్గిన పేర్లు. మిగతా మెట్లు వాటికీ వర్తిస్తాయి.

3. జాబితా ఎక్కడి నుంచి

ఇంటర్నెట్టులో ‘ఆడపిల్లల పేర్లు’ అని వెతికితే వేలకొద్దీ వస్తాయి. అందులో సగానికి ‘అందమైన’, ‘దేవత’, ‘వెలుగు’ అనే అర్థాలే ఉంటాయి. ఒకచోటి తప్పు ఇంకోచోటికి ఎక్కుతూ పోతుంది. ముందు మనకున్న గనులు తవ్వండి.

మొదటి గని అమరకోశం, ఒక్కో మాటకున్న పర్యాయపదాలను శ్లోకాల్లో చెప్పే పాత సంస్కృత నిఘంటువు. సంస్కృతం రాకపోయినా ఫరవాలేదు, తెలుగు లిపిలో దొరుకుతుంది. ‘లక్ష్మీః పద్మాలయా పద్మా కమలా శ్రీర్హరిప్రియా, ఇందిరా లోకమాతా మా క్షీరోదతనయా రమా’ అని రెండు వరుసల్లో లక్ష్మికి పదకొండు పేర్లు చెప్పేశాడు దాన్ని రాసిన అమరసింహుడు. అందులో పిలవడానికి పనికొచ్చేవి ఏడెనిమిది. ‘క్షీరోదతనయ’ అని పెట్టేవాళ్లు కూడా ఉంటారని నాకు నమ్మకమే, కానీ ఆ పిల్లను తలుచుకుంటే జాలేస్తుంది.

రెండోది లలితా సహస్రనామం. చాలా ఇళ్లలో శుక్రవారం చదువుతారు కాబట్టి పుస్తకం దగ్గరే ఉంటుంది. పెన్సిలు పట్టుకుని చదవండి. ‘మాలినీ హంసినీ మాతా మలయాచలవాసినీ, సుముఖీ నళినీ సుభ్రూః శోభనా సురనాయికా’ దగ్గరకు రాగానే మాలిని, హంసిని, సుముఖి, నళిని, శోభన అంటూ ఒక్క శ్లోకంలో ఐదు పేర్లు. తర్వాతి పాదంలో కాంతిమతి ఉంది. ఆ పక్కనే క్షోభిణి కూడా ఉంది, దాన్ని పూజకు వదిలేయండి. వెయ్యి నామాలూ అమ్మవారివే అయినా వెయ్యీ పిల్లలకు పనికిరావు.

మూడోది నాకు బాగా ఇష్టం: మన ఊళ్ల అమ్మవార్లు. ఊరు ఏదో పేరు విని చెప్పగలిగే రోజులుండేవి. నూకరత్నం అంటే అనకాపల్లి నూకాలమ్మ వైపు, పైడిరాజు, పైడితల్లి అంటే విజయనగరం, మాణిక్యాంబ అంటే ద్రాక్షారామం, భ్రమరాంబ అంటే శ్రీశైలం, జోగులాంబ అంటే అలంపురం, కామాక్షి అంటే నెల్లూరు జిల్లాలో జొన్నవాడ, అలివేలు మంగ అంటే తిరుచానూరు. ఈ పేర్లు యథాతథంగా పెట్టడానికి కుర్రకారు జంకుతారు. కానీ లోపల చూడండి. శ్రీకాళహస్తి అమ్మవారు జ్ఞానప్రసూనాంబ. అందులోంచి ‘ప్రసూన’ వచ్చింది. మాణిక్యాంబలో మాణిక్యం ఉంది. వరంగల్లు భద్రకాళిలో భద్ర ఉంది. అన్నపూర్ణలో పూర్ణ ఉంది. పెనుగొండ వాసవి పేరుకైతే ముక్కలు చేసే పని కూడా లేదు. మొక్కు తీరినట్టూ ఉంటుంది, పిల్ల తన పేరు వెనకున్న ఊరికి ఒకసారి వెళ్లి చూసినట్టూ ఉంటుంది.

పాటా పద్యమూ తెలిసిన ఇళ్లకు ఇంకో రెండు చోట్లున్నాయి. రాగాల్లో కళ్యాణి, మోహన, శ్రీరంజని, కీరవాణి, అమృతవర్షిణి. ఛందస్సులోకి ఎవరూ తొంగిచూడరు గానీ ఉత్పలమాల, చంపకమాల, తరళ, మాలిని, శాలిని అన్నీ పద్యాల పేర్లే. తెలుగు పాఠం చెప్పేటప్పుడు తరళ లక్షణం చెప్పిన ప్రతిసారీ ‘ఈ పేరు ఎవరూ పెట్టుకోరేం’ అనుకునేవాణ్ని. మెరిసేది, కదిలేది అని అర్థం. మీకు నచ్చితే తీసుకోండి.

ఇక అచ్చతెలుగు. సంస్కృతం పేరే పేరనుకుంటాం గానీ, పదహారో శతాబ్దంలో రామాయణం రాసిన కవయిత్రి పేరు మొల్ల, అంటే మల్లెజాతి పువ్వు. వెన్నెల, సిరి, సిరిమల్లె, కలువ, జాబిలి ఇవన్నీ నిఘంటువు అక్కర్లేని పేర్లు. పొరుగు రాష్ట్రంలో అర్థం తెలియదన్న ఒక్క లోటు తప్ప వీటికి వంక లేదు.

పురాణం పేరు పెట్టాలనుకుంటే కథ తెలుసుకుని పెట్టండి. అనసూయ అంటే అసూయ లేనిది. శకుంతలను పక్షులు కాపాడాయి. అరుంధతిని పెళ్లిలో ఆకాశం వంక చూపిస్తారు. ఊర్మిళ లక్ష్మణుడి భార్య. సీత పేరు పెడితే సీత కష్టాలొస్తాయని కొందరు వెనకాడతారు, ఆ వెనకాడేవాళ్లే జానకి, వైదేహి, మైథిలి అని సంతోషంగా పెడతారు. ముగ్గురూ ఆవిడే కదా!

ఈ గనుల్లోంచి పదిహేను పేర్లకు మించకుండా నోటుపుస్తకంలో రాయండి. ఇంకా ఎక్కువైతే ఇంటిల్లిపాదీ తలోటీ పట్టుకుని పోట్లాడుకుంటారు.

4. అర్థం మీరే చూడండి

పదిహేను పేర్లకూ అర్థం నిఘంటువులో చూడండి. బ్రౌన్ నిఘంటువు, శబ్దరత్నాకరం లాంటివి ఇప్పుడు ఉచితంగా ఇంటర్నెట్టులో వెతకొచ్చు. ఒక్క అక్షరం తేడాతో ఏమవుతుందో అక్కడ తెలుస్తుంది. వింధ్య కొండల వరుస. ఆ ‘వి’ కాస్తా ‘వ’ అయితే వంధ్య, అంటే గొడ్రాలు. అనామిక అంటే పేరు లేనిది. ఉంగరపు వేలికీ అదే పేరు. పేరు పెట్టి మరీ ‘పేరులేనిదానా’ అని పిలవడం కొందరికి చమత్కారంగానే ఉంటుంది, వాళ్లిష్టం.

అరిగిపోయిన పేర్లను కూడా కనిపెట్టండి. జహ్ను మహర్షి చెవిలోంచి వదిలిన గంగ జాహ్నవి. ఆ ‘హ్న’ పలకడం కష్టమని ఇప్పుడు చాలాచోట్ల ‘జాన్వి’ అయింది. హకారం పోయింది, దానితో మహర్షీ పోయాడు. పూర్తిగా పెట్టదలుచుకుంటే జాహ్నవి అనే రాయండి, పలకండి, పలికించండి. లేదంటే గంగ అనండి, హాయిగా ఉంటుంది.

నిఘంటువులో దొరకని పేరు, ఏ కథలోనూ కనపడని పేరు, అమ్మ పేరు మొదటి అక్షరమూ నాన్న పేరు చివరి అక్షరమూ కలిపి అతికించిన పేరు ఇంట్లో ముద్దుపేరుగా ఉంచుకోండి. పాతబడకుండా ఉండాలంటే ముందు ఆ మాటకు భాషలో వేరుండాలి.

5. పిలిచి చూడండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. జనం ఎక్కువగా దాటేసేదీ ఇదే. పేరును కాగితం మీద చూసి మెచ్చుకుంటారు, ఇంగ్లీషులో రాసి మెచ్చుకుంటారు, వీధిలో నిలబడి పిలిచి చూడరు.

ఒక సాయంత్రం వీధి గుమ్మంలో నిలబడండి. పక్కింటి పెరట్లో ఆడుకుంటున్న పిల్లను అన్నానికి పిలుస్తున్నట్టు జాబితాలో పేర్లు ఒక్కొక్కటే పిలవండి. ‘శారదా!’, ‘కమలా!’, ‘గౌరీ!’ ఏం జరిగిందో గమనించారా? సంస్కృతంలో అవి శారదా, కమలా, గౌరీ అని దీర్ఘంతో ముగుస్తాయి. తెలుగులోకి రాగానే కుదించుకుని శారద, కమల, గౌరి అన్నాం. పిలిచేటప్పుడు ఆ దీర్ఘం దానంతటదే తిరిగొచ్చింది. గొంతు సాగడానికి చోటుండే పేరు నాలుగిళ్ల అవతలికి వినపడుతుంది. హల్లుతో టక్కున తెగిపోయే పేరు పిలిచి చూడండి, గాలిలో సగంలోనే పడిపోతుంది.

తర్వాత ఇంట్లో పెద్దావిడ చేత పలికించండి. మా వైపు లక్ష్మి లచ్చి అవుతుంది, జ్ఞాన గ్యాన అవుతుంది, భ్రమరలో ఒత్తు పోతుంది. నా ఉద్దేశంలో ఆ పలుకులేవీ తప్పు కాదు, అయితే ఏది ఎలా వంగుతుందో మీకు ముందే తెలిసుండాలి. వంగినా వినడానికి బాగుండే పేరు మంచి పేరు. సీత సీతాలైంది, సరస్వతి సరసు అయింది, ఎంత ముద్దుగా ఉన్నాయి! వంగితే విరిగిపోయే పేరు జాగ్రత్త.

నాలుగక్షరాలూ ఆపైనా ఉన్న ఏ పేరైనా బడిలో రెండు మూడక్షరాలకు తెగుతుంది. ఇది ముప్పై రెండేళ్ల అనుభవంతో చెబుతున్న మాట. విశాలాక్షి విశాల అయితే బాగానే ఉంది, సత్యవతి సత్య అయినా బాగానే ఉంది. తెగాక మిగిలే ముక్క పేరులా ఉందో లేదో చూసుకోండి.

ఇంటిపేరు కలిపి కూడా పిలవండి. మనకు ఇంటిపేరు ముందొస్తుంది కాబట్టి రెండూ అతుక్కుపోతాయి. ఇంటిపేరు పులి అయితే హారిక వద్దు. బడిలో మధ్యాహ్నం గంట కొట్టే దాకా పులిహోర జోకులు ఆగవు. ఇంటిపేరు కొండ అయితే పల్లవి విషయం కూడా ఆలోచించుకోండి, బొమ్మల ఊరు గుర్తొస్తుంది.

6. ఇంగ్లీషులో ఒకసారి, ఒకేలా

పేరు తేలాక ఇంగ్లీషు స్పెల్లింగు రాయండి, ఇంట్లో అందరికీ చూపించండి, ఇక మార్చకండి. మనం లత, గీత, స్వాతి అని రాసేటప్పుడు ‘టి’ పక్కన ‘హెచ్’ పెడతాం, ఉత్తరాదివాళ్లు పెట్టరు. అమృతను మనం ‘అమ్రుత’ అంటాం, వాళ్లు ‘అమ్రిత’ అంటారు, స్పెల్లింగూ అలాగే మారుతుంది. ఏది రాసినా తప్పులేదు. తల్లి ఒకలా, తండ్రి ఒకలా రాస్తేనే తిప్పలు.

సంఖ్యాశాస్త్రం కోసం అక్షరాలు పెంచేవాళ్లకు ఒక మాట. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి పేరులో ఎవరో చెప్పారని ఒక ‘ఎ’ అదనంగా చేర్చారు. బడి రికార్డులో చేరింది, ఆధార్‌లో చేరలేదు. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ నాడు ఆ పిల్ల తండ్రి అఫిడవిట్ కోసం ఎండలో నోటరీ దగ్గర నిలబడి నాకు ఫోన్ చేశాడు. ‘మాస్టారూ, పదో తరగతి అప్పుడే మీరు చెప్పాల్సింది’ అన్నాడు. చెప్పాను. వినలేదు.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరగబోయే పిల్లయితే రెండు మూడక్షరాల పేర్లు సుఖం: ఉమ, రమ, మాయ, లీల, తార, నీల. ఉషా వాన్స్ సంగతే చూడండి. తెలుగు దంపతుల కూతురు, 2025 జనవరిలో అమెరికా ఉపాధ్యక్షుడి భార్య హోదాలోకి వచ్చినప్పుడు ఆ రెండక్షరాల పేరు పలకడానికి అక్కడెవరూ తడబడలేదు. చివర ‘షిత’ వచ్చే పేర్లు అక్కడి బడిపిల్లల నోట ఏమవుతాయో ఆ దేశంలో ఉన్న మీ చుట్టాలనడగండి, వాళ్లు నవ్వాపుకోలేక చెబుతారు. రెండు మాటల పేరు పెట్టినా అక్కడ మొదటి మాటే మిగులుతుంది. లక్ష్మీ ప్రసన్న ఇంట్లో ప్రసన్న, ఆఫీసులో లక్ష్మి. అలా కాకూడదంటే రెండూ కలిపి ఒకే మాటగా రాయించండి.

బాడ్మింటన్ సింధు పూర్తి పేరు పూసర్ల వెంకట సింధు. ఇంటిపేరు, దేవుడి పేరు, పిలుపు పేరు. తెలుగువాళ్ల పాత సూత్రం అది. ఇంటి మొక్కు మధ్యలో ఉండిపోయింది, 2016 రియో ఒలింపిక్స్‌లో జనం అరిచింది చివరి రెండక్షరాలే. దేవుడి పేరు తప్పనిసరి అయితే ఇదే దారి.

కాగితాల సంగతి క్లుప్తంగా: పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు కావాలి. ఆస్పత్రిలో పుడితే ఆస్పత్రివాళ్లే పంపుతారు. అప్పటికి పేరు తేలకపోతే కంగారుపడకండి, పేరు లేకుండానే నమోదవుతుంది. ఏడాదిలోపు వెళ్లి రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత 15 ఏళ్ల దాకా రుసుము కట్టి చేర్పించాలి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం దగ్గర్నుంచి పెళ్లి నమోదు దాకా పుట్టిన తేదీకి ఋజువు ఆ సర్టిఫికెట్టే. కాబట్టి కౌంటర్లో కాగితం చేతికివ్వగానే అక్కడే నిలబడి అక్షరం అక్షరం చదవండి. ఇంటికొచ్చి చూసుకుందాం అనుకోకండి.

7. బారసాల నాడు

కొందరు పదకొండో రోజున, కొందరు ఇరవయ్యొకటో రోజున, ఇంకొందరు మూడో నెలలో చేస్తారు. పెద్ద పళ్లెం ఒకటి తీసి పెట్టండి, మామూలు కంచం చాలదు. బియ్యం పలచగా పరచాలి. మందంగా పోస్తే గీత నిలవదు, గింజలు జారి మూసుకుపోతాయి. తండ్రి బంగారపు ఉంగరం పట్టుకుని రాసేటప్పుడు నెమ్మదిగా, పెద్ద అక్షరాలు రాయమనండి. మా బంధువుల ఇంట్లో ఒకాయన ఏడక్షరాల పేరు మొదలుపెట్టి ఐదో అక్షరానికి పళ్లెం అంచు తగిలాడు. మిగతా రెండూ కింద ఇరికించాడు. ఈరోజుకీ ఆ పిల్లను ఐదక్షరాలతోనే పిలుస్తారు.

పోయినేడు మా మనవరాలి బారసాలకు పేరు పదిహేను నుంచి మూడుకూ, మూడు నుంచి ఒకటికీ దిగింది. రెండక్షరాలే. మా అబ్బాయి రాయడం అయిపోయాక కూడా పళ్లెంలో సగం బియ్యం గీత పడకుండా అలాగే ఉన్నాయి. వాడు వంగి చెవిలో మూడుసార్లు చెప్పాడు. రెండోసారికే ఆ పిల్ల మూతి ముడిచి, మూడోసారికి ఆవులించింది. ఆ పేరేమిటో ఇక్కడ రాస్తే దిష్టి తగులుతుందంటోంది మా ఇంటావిడ. ఇప్పుడే వంటింట్లోంచి ఆ పేరు పెట్టి పిలుస్తోంది, చివరి అక్షరం బాగా సాగదీసి.